తిన్నారా?

కోనసీమలో గన్నవరం దగ్గర కాలువ నీటిని వైనతేయ గోదావరి దాటించే అక్విడక్టుకు ఒక ఇల్లాలి పేరు పెట్టారు. ఆవిడ డొక్కా సీతమ్మ గారు.

1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లికి పదవీ లేదు, అధికారమూ లేదు. ఉన్నదల్లా వంటిల్లు. గోదావరి దాటి అలసిసొలసి వచ్చినవాళ్లకు ఏ వేళప్పుడైనా అక్కడ అన్నం దొరికేది. ఒకసారి ఆవిడ అంతర్వేది తీర్థానికి బయల్దేరారని చెప్పుకుంటారు. దారిలో ఓ పెళ్లిబృందం ఆకలితో నకనకలాడుతూ, సీతమ్మ గారింటికి చేరితే చాలు, పిల్లలకింత అన్నం పెడతారని అనుకోవడం చెవిన పడిందట. అంతే, పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేశారు.

నన్ను కదిలించేది ఆ అన్నం కన్నా ఆ తొందర. నోరు తెరిచి అడగడం ఎంత బరువో ఆకలి ఎరిగినవాళ్లకే తెలుసు. ఆ బరువు వాళ్ల మీద పడకముందే ఆవిడ విస్తరి వేసేశారు.

ఈవేళ మీ గుమ్మానికి గ్యాస్ బండ మోసుకొచ్చే అన్నను, చెత్తబండి దగ్గర నిలబడ్డ అమ్మను పొద్దున్నే ఏమైనా తిన్నారా అని అడగండి. తడబడితే, రెండు ఇడ్లీలు పెట్టి, కూర్చోమని కుర్చీ వేయండి.