రాయి నిలిచే జిగురు

కొత్తగూడెంలో బట్టలకు ఉతుకు ఎక్కువ. బొగ్గు దుమ్ము ఊరుకుంటుందా మరి! అందుకే జాకెట్టుకు కుందన్ రాళ్లు అంటించేవాళ్లు జిగురు చూసి కొనాలి. కాగితాలకు వాడే తెల్ల జిగురు నీళ్లలో నానితే మెత్తబడుతుంది. క్షణంలో పట్టేసే జిగురు మరీ ప్రమాదం. నూలు బట్ట మీద పడితే వేడెక్కి, పొగ వచ్చి, చర్మం కాలవచ్చు. ఆరాక ఆ చోటు అట్టలా బిగుసుకుంటుంది. బట్టతో పాటు వంగే ఫ్యాబ్రిక్ గ్లూ ఆవగింజంత చాలు. రోజంతా కదపకుండా ఆరనివ్వాలి.

ఇక సంప్రదాయ బంకల సంగతి. మన చేర్యాల నకాషీ చిత్రకారులు బొమ్మలు వేసే ఖద్దరుకు చింతగింజల గుజ్జు, సుద్దమట్టి, చెట్టు బంక కలిపి పూస్తారు. అద్భుతమైన పూత! కానీ ఆ బొమ్మల్ని ఎవరూ చాకిరేవుకు వెయ్యరుగా.

ఏ జిగురైనా నేనైతే ముందు పాత పేలిక మీద రాళ్లు అంటించి, నానబెట్టి, పిండి చూస్తాను. మొన్న మూడు రాళ్లలో రెండు బకెట్ అడుగున దొరికాయి.