చెఱలో పుట్టిన పిల్ల

ఇంట బిడ్డ పుట్టినచో నోరు తీపి చేయుట, ఆవు ఈనినచో పొరుగింటికి జున్నుపాలు పంపుట మా కంగ్టి ప్రాంతమున నేటికిని గల మర్యాద. పులి ఈనినదని విన్నచో మాత్రము మా తాతల కాలమున జనులు పొలిమేర దాటుటకు జంకెడివారు. ఇప్పుడట్లు కాదు. పట్టణపు జంతుప్రదర్శనశాలలో పులి ఈనినచో పత్రికలలో దాని పటములు పడుచున్నవి. కూనలకు నామకరణము చేయుటకు పెద్దలు విచ్చేయుచున్నారు. ఆ సందడిలోనే, రానున్న యేడు మఱికొన్ని క్రొత్త మృగములను రప్పింతుమనియు, క్రొత్త ఆవరణములు కట్టింతుమనియు అధికారులు ప్రకటించుచున్నారు. ఈ సంతోషము ఎవరిది, దేనికొఱకు అను ప్రశ్నను నలువది యేండ్లు దాటినను నేను వేసికొన్నవాడను గాను. దానిని నాచేత వేయించినవాడు మా బడిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడు.

గత శీతకాలమున మా బడి పిల్లలను నలువదిమందిని వెంటబెట్టుకొని హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు పోయితిమి. కోడి కూయకమునుపే బస్సెక్కి, నారాయణఖేడు దాటి, సంగారెడ్డి మీదుగా పోవలయును. బస్సు కిరాయికై కొందఱు పిల్లలు సెలవు దినములలో పత్తి ఏరగా వచ్చిన కూలి డబ్బులు దాచి తెచ్చిరి. ఈ మాటతో తరువాత పనియున్నది గనుక ఇప్పుడే చెప్పుచున్నాను.

తెల్లపులి ఆవరణము కడ జనము క్రిక్కిఱిసి యుండెను. పూర్తిగా ఎదుగని కూన యొకటి కందకమునకు ఆవలి యొడ్డున ఒకే గీత మీద అటునిటు నడచుచుండెను. ఆ చివఱకు పోవును, తల త్రిప్పును, ఈ చివఱకు వచ్చును, మఱల తల త్రిప్పును. పిల్లలు కేకలు వేసిరి, పటములు తీసికొనిరి, ముందునకు సాగిరి. ఒక్క బాలుడు మాత్రము కదలలేదు. నేను పోయి భుజము తట్టగా, "సార్, దీన్ని అడివిల ఎప్పుడిడుస్తరు?" అని యడిగెను. ప్రొద్దు గుంకవచ్చినది, బస్సువాడు తొందర చేయుచుండెను. "పెద్దగైనంక ఇడుస్తరు, నడువు" అంటిని. వాడు నమ్మెను. ఉపాధ్యాయుని మాట గదా!

వారము దినములకు పిల్లలచేత యాత్రను గుఱించి వ్యాసము వ్రాయించితిని. ఆ బాలుని పుస్తకమున, "తెల్లపులి పిల్ల పెద్దగా అయిన తరువాత అడవికి పోవును అని మా సారు చెప్పినారు" అని యుండెను. నేను అందలి అక్షరదోషములు రెండు దిద్ది, క్రింద సంతకము చేసితిని. చేసిన పిమ్మట కలము ప్రక్కన పెట్టి ఆ వాక్యమును మఱల చదివితిని. అక్షరములన్నియు సరిగా నున్నవి. వాక్యము మాత్రము అబద్ధము. ఆ యబద్ధము నాది, క్రింది సంతకమును నాది.

అది ఎంత యబద్ధమో చదివినకొలది తెలియవచ్చెను. 1951లో రీవా ప్రాంతపు అడవులలో ఒక తెల్లపులి కూన పట్టుబడగా, అచటి మహారాజు దానికి మోహన్ అని పేరిడి గోవిందగఢ్ కోటలో పెంచెను. మొదట మామూలు వన్నెగల ఆడుపులితో దానికి జత గూర్చిరి. కూనలన్నియు తల్లి వన్నెనే పొందెను. అంతట ఆ కూనలలో నొకటియైన రాధ యను దానినే, అనగా దాని సొంత కూతునే, దానికి జత గూర్చిరి. 1958లో తెల్లని కూనలు పుట్టెను. నేడు లోకమునందలి జంతుశాలలలో గల తెల్లపులులలో మిక్కిలి భాగము ఆ మోహన్ వంశమునకు జెందినవే. తెల్లపులి వేఱు జాతి కాదు. మన బెంగాలు పులియే. తల్లియు తండ్రియు ఇరువురును ఆ వన్నెకు హేతువైన లక్షణమును బిడ్డకిచ్చిననే గాని తెలుపు రాదు. అందుచే వన్నె తప్పకుండుటకై దగ్గఱి చుట్టములనే తరతరములుగా కలుపుచు వచ్చిరి. కంటి నరములు పోవలసిన త్రోవను పోక, మెల్లకన్నులతో నుండు తెల్లపులులు పెక్కు. మనుష్యులలో దేనిని మహాపాతకమని మన స్మృతులు నిషేధించినవో, దానిని మృగములచేత మనమే చేయించి, పుట్టిన బిడ్డను చూచుటకు టిక్కెట్టు కొనుచున్నాము. ఆ కూన అడవికొఱకు పుట్టినది కాదు. చూపరుల కంటికొఱకు పుట్టినది.

జంతుశాలవారిని నిందించుట నా యుద్దేశము కాదు. వెనుక నిజాము కాలమున హైదరాబాదు బాగేఆం తోటలో మృగములుండెడివి. 1963లో మీరాలం చెఱువు ప్రక్కన ఇంచుమించు 380 ఎకరముల చోట క్రొత్త జంతుశాలను తెఱచినప్పుడు, పెక్కు మృగములకు ఇనుప కటకటాలు తొలగి కందకములు వచ్చినవి. అది నిజమైన మేలు. తల్లి విడిచిన కూనకు రాత్రులు మేలుకొని పాలుపట్టు కావలివాని చేయి దయగల చేయియే. 2021 మే నెలలో అచటి ఎనిమిది సింహములకు కరోనా సోకినదని తేలినప్పుడు వానిని వేఱుపఱచి కాపాడుకొన్నవారును ఆ సేవకులే, వైద్యులే. కాని ఆ వ్యాధి అడవిలో సింహమునకు వచ్చెడిదా? 2000 అక్టోబరులో అదే జంతుశాలలో దుండగులు రాత్రివేళ చొఱబడి ఒక ఆడుపులిని చంపి తోలు ఒలుచుకొనిపోయిన సంగతి ఆ కాలపు పత్రికలు చదివినవారికి జ్ఞప్తియుండును. మనము రక్షణ యని చెప్పు గోడ లోపలివారిని బయటకు పోనీయకుండుటకు చాలినంతగా బయటివారిని లోనికి రానీయకుండుటకు చాలలేదు.

ఇక చెఱలో పుట్టిన పిల్లను గుఱించి అందఱు చెప్పు సమాధానమొకటి కలదు. అడవినుండి పట్టి తెచ్చిన మృగమును బంధించుట పాపమే కావచ్చును. కాని ఇచటనే పుట్టినదానికి అడవి యననేమో తెలియదు, ఎఱుగనిదానిని పోగొట్టుకొనుట ఎట్లు? విడిచినను వేటాడ నేర్వనిది ఆకలితో చచ్చును గదా? విన్నప్పుడు ఇది గట్టి తర్కముగనే తోచును. కాని తెలంగాణమున పుట్టినవారము మనము ఈ తర్కమును వేఱొక నోట విన్నవారము. అప్పు తీర్పలేక తండ్రి దొర యింట జీతమునకు కుదురును. ఆ యప్పు తీఱకమునుపే కొడుకు అదే కొట్టమున పెరిగి, అవే పశువులను కాయ మొదలిడును. దీనినే భగేలా యనిరి. వీడు ఇచటనే పుట్టినవాడు, వీనికి వేఱు లోకము తెలియదు, విడిచినచో ఎక్కడికి పోయి బ్రదుకును అని గడీ అరుగులమీద కూర్చుండి చెప్పుకొనెడివారు. 1976లో వెట్టిచాకిరిని నిర్మూలించు చట్టము వచ్చినప్పుడు ఆ మాట చెల్లలేదు.

మనుష్యునకును మృగమునకును భేదము లేదని నేననను. కొట్టము విడిచిన కుఱ్ఱడు పట్టణమునకు పోయి పని నేర్చి నిలువగలడు. మనుష్యులకు అలవాటుపడి, తల్లి వెంట వేటాడి యెఱుగని పులి నిలువలేదు. ఆకలికి చచ్చును, లేదా ఊరిమీద పడి ఊరివారిచేత చచ్చును. కావున దానిని విడువకపోవుట తప్పు కాదు; విడుచుటయే క్రౌర్యము. అయినచో తప్పు ఎక్కడనున్నది? నాకు తోచినంతవఱకు, తప్పు పుట్టించుటలో నున్నది. విడువరాని ప్రాణిని తెలిసి తెలిసి పుట్టించి, పిదప దాని అశక్తతనే దాని బంధమునకు హేతువుగా చూపుచున్నాము. ఆ అశక్తతను కల్పించినవారము మనమే గదా! పట్టి తెచ్చినవాడు ఒక ప్రాణికి అపరాధియగును. ప్రదర్శనకై ఈనించువాడు రాబోవు తరములన్నిటికిని అపరాధియగును. అయినను మొదటివానిని బోయ యందుము, రెండవవానికి అభినందన పత్రము వ్రాయుదుము.

శాకుంతలము ఏడవ యంకమును నేనెన్నిమార్లు పాఠము చెప్పితినో లెక్కలేదు. మారీచాశ్రమమున బాలుడైన సర్వదమనుడు తల్లి పాలు సగమే త్రాగిన సింహపు కూనను ఈడ్చుకొనివచ్చి, పండ్లు లెక్కించెదను నోరు తెఱువుమనును. తాపసి వానిని మందలించుచు, కూనను విడువకున్నచో తల్లి సింహము నీమీదికి దుముకునని బెదరించును; కూనకు బదులు ఆడుకొనుటకు మట్టి నెమలి తెప్పించును. అంతలో దుష్యంతుడు బాలుని యందు చక్రవర్తి లక్షణములు చూచును, మనము దుష్యంతుని చూతుము. కూన మాట మఱచిపోవుదుము. ఇన్నేండ్ల పాఠములో ఏ శిష్యుడును, ఆ కూన యేమైనదండీ అని యడుగలేదు, నాకును తోచలేదు. ఇప్పుడు ఆ ఘట్టము చదువునప్పుడు నా మనస్సు తాపసి మాటలమీదనే నిలుచుచున్నది. ఆ యాశ్రమమున తల్లి సింహము దుమికినను దుముకవచ్చును. బాలుడు భయపడక నవ్వినను, ఆ తల్లికి తన బిడ్డపై గల హక్కును తాపసి యెఱుగును. కందకమునకు ఆవల నున్న తల్లికి ఆ హక్కు లేదు. మట్టి నెమలి తెప్పించుటకు మనకు తాపసియు లేదు.

పిల్లలకు విజ్ఞానము కలుగును గదా యని నా సహోపాధ్యాయుడొకరు వాదించిరి. పులిని కన్నులార చూడని పిల్లవానికి పులిమీద ప్రేమ యెట్లు పుట్టును, ప్రేమ లేనివాడు అడవిని కాపాడునా యని వారి ప్రశ్న. దీనికి నావద్ద తర్కము లేదు. కన్న సంగతి యొకటి కలదు. యాత్రనుండి వచ్చిన మఱునాడు విరామవేళ చిన్నపిల్లలు వసారాలో పులియాట ఆడుచుండిరి. మా పల్లెలలో పీర్ల పండుగకు పులివేషము కట్టువాడు ఎగురును, పొంచును, దుముకును. చూచువారి గుండె జల్లుమనును. ఈ పిల్లల పులి మాత్రము రెండు స్తంభముల నడుమ అటునిటు నడచి, చివఱ చివఱ తల త్రిప్పుచుండెను. తక్కిన పిల్లలు చేతులతో పటములు తీసినట్లు అభినయించుచుండిరి. పత్తి ఏరిన కూలి పెట్టి వారు కొనితెచ్చుకొన్న విజ్ఞానమిది. పులివేషగానికి పులి యననేమో వీరికంటె ఎక్కువ తెలియును.

అయినను జంతుశాలలలో పుట్టు ప్రతి పిల్లయు ఇట్టిది కాదు. అదే నెహ్రూ జంతుశాలలో, సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, 2010లో మూషిక జింకలను పెంచుట కారంభించిరి. పిల్లియంత ప్రాణి, కొమ్ములుండవు, ఒడలిమీద తెల్లని చుక్కలు, మనుష్య సంచారమైనచో పొదలో దూఱి కదలకుండును. చూచువారికి దానిలో వినోదమేమియు లేదు. వానిని ఆఱింటితో మొదలిడి వందలకు పెంచిరి. జనులకు దూరముగా నుంచి, అడవి తిండికి అలవాటుచేసి, 2017 మొదలు నల్లమలలోని అమ్రాబాదు అభయారణ్యమున విడువసాగిరి. మా బాలుడు ఆ తెల్లపులి కడ గాక ఈ జింక కడ నిలిచి అదే ప్రశ్న యడిగియున్నచో, నా సమాధానము నిజమయ్యెడిది. పుట్టుకలు రెండును ఒకే గోడలోపలివే. కాని ఒకటి చూపరుల కెదురుగా పుట్టినది, రెండవది అడవి కెదురుగా పుట్టినది.

కావున రానున్న క్రొత్త ఆవరణములను గుఱించి నా కోరిక యొక్కటే. ఎందఱు చూతురు అను లెక్కకు ముందు, ఇచట పుట్టినది ఎక్కడికి పోవును అను లెక్క వేయవలయును. పోవుటకు చోటు లేనిచో, ఉన్నదానిని ముసలితనము వఱకు గౌరవముతో సాకి, ఈనింపకుండుట మేలు. ఆ జంతుశాలలోనే నిశాచరములగు ప్రాణులకొక మందిరము కలదు. అందు పగటివేళ చీకటియు, రాత్రివేళ వెలుతురును కల్పింతురు. ఏలయన మనము పగటివేళనే వత్తుము. తిండిని, జోడును, నేలను మార్చినది చాలక రేయింబవళ్లను గూడ మన సౌకర్యమునకు త్రిప్పితిమి. ఆ చీకటిగదిలో నిలిచి పిల్లలు చప్పట్లు కొట్టుచుండగా నేనును ఆశ్చర్యపడితిని. ఆ యాశ్చర్యము తలచుకొన్నప్పుడు నేడు సిగ్గగుచున్నది. ఇట్టి మందిరములు మఱికొన్ని కావలెనని కోరువారిలో నా పేరు చేర్పవలదు.

పోయిన సోమవారము తరగతిలో ఆ బాలుని పుస్తకము తెఱచి, నేను నాడు చెప్పినది అబద్ధమని, ఆ కూనను ఎన్నడును విడువరని అందఱి యెదుట చెప్పితిని. మోహన్ కథయు, మూషిక జింక కథయు చెప్పితిని. బాలుడు లేచి నిలుచుండి, "నేను మా అవ్వకు సుత చెప్పిన సార్, ఇడుస్తరని" అనెను. ఇంటికిపోయి ఆమెకును నిజము చెప్పుమంటిని. తల యూపెను గాని కూర్చుండలేదు, కొంతసేపట్లే నిలుచుండెను.

తరువాత ఈ యేటి యాత్ర మాట వచ్చినది. మా ప్రాంతమునకు దక్షిణముగా పాఱు మంజీరలో, సింగూరుకు దిగువను, మొసళ్లకు పేరుగన్న అభయారణ్యము కలదు. అచటికి పోవుదమా యని యడిగితిని. మొసళ్లు కనబడునా యని ఒక బాలిక ప్రశ్న. ఎండ కాచినచో ఇసుకమీదికి రావచ్చును, రాకపోవచ్చును అంటిని. చేతులెత్తుడనగా మంజీరకు పదునేడు చేతులు లేచినవి, హైదరాబాదుకు ఇరువదిరెండు. ఆ బాలుడు దేనికిని చేయి యెత్తలేదు. చందా వసూలు మొదలైనది. పత్తి ఏరుటయు మొదలైనది. ఎక్కడికి పోవుదుమో ఇంకను తేలలేదు.