ఎడారిలో పొరుగువాడెవడు?



2023వ సంవత్సరము జూలై మాసములో ఆస్ట్రేలియా దేశపు నడిభాగము గుండా ప్రయాణము చేయు అవకాశము మాకు కలిగెను. అడిలైడ్ పట్టణములో ఉద్యోగము చేయుచున్న మా కుమారుడు కారు తోలగా, కోడలును మనుమడును తోడు రాగా, కూబర్ పీడీ మీదుగా ఆలిస్ స్ప్రింగ్స్ వరకు పోతిమి. ఆ లోతట్టు ప్రాంతమును అక్కడివారు అవుట్‌బ్యాక్ అందురు. పోర్ట్ అగస్టా నుండి డార్విన్ వరకు పోవు స్టూవర్ట్ రహదారి పొడవు దాదాపు 2,700 కిలోమీటర్లు. ఎఱ్ఱని నేల, పొట్టి పొదలు, పైన ఆకాశము. గంటల తరబడి ఊరు కనబడదు. కూబర్ పీడీలో ఎండకు తాళలేక అనేకులు భూమిలో తొలిచిన ఇండ్లలో నివసింతురు. అచ్చట ఆరాధన మందిరములు సైతము నేల క్రింద కలవు.

ఆ దారిలో ఒక మంచి ఆచారము చూచితిమి. ఎదురుగా వచ్చు బండివాడు, ముక్కు మొగము తెలియకపోయినను, చక్రము మీదనుండి వ్రేలెత్తి పలుకరించును. ఎవరి బండియైనను దారిలో ఆగియున్నచో వచ్చినవాడు తానును ఆగి, ఏమి కావలెనని అడుగును.

మా టైరు పగిలిన దినమున మొదట ఆగినది ఒక పాత బండి. దానిలో ఆదివాసుల కుటుంబము ఉండెను. పెద్దాయన దిగి, మేము అడుగకమునుపే నీళ్ల డబ్బా తెచ్చి మా ముందుంచెను. "వద్దండీ, మాకున్నవి" అంటిమి. ఆయన మరేమియు అనక, మా పని ముగియువరకు దూరముగా నిలిచి, అటుపిమ్మట పోయెను. ఆ సాయంత్రము పెట్రోలు బంకు వద్ద ఒక తెల్లదొర తన ఫ్లాస్కులోని టీ ఇయ్యగా సంతోషముతో త్రాగితిమి. కారెక్కిన పిదప మనుమడు అడిగెను: "తాతయ్యా, ఆ తాత నీళ్లు ఎందుకు వద్దన్నారు?"

మాకు జవాబు దొరకలేదు. నిజము చెప్పవలెనన్న దొరికినది గాని, పసివానితో చెప్పుటకు సిగ్గుపడితిమి.

ఆ రాత్రి బర్క్, విల్స్ అనువారి కథ మాకు జ్ఞాపకము వచ్చెను. 1860 ఆగస్టులో వీరు మెల్‌బోర్న్ నుండి గొప్ప పరివారముతో, నాటి బ్రిటిష్ ఇండియా నుండి తెప్పించిన ఒంటెలతో, ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు దాటుటకు బయలుదేరిరి. తుదకు నలుగురు ఉత్తర సముద్రతీరపు సమీపమునకు చేరి మరలిరి. త్రోవలో ఒకడు మరణించెను. మిగిలిన ముగ్గురు 1861 ఏప్రిల్ 21 సాయంకాలమున కూపర్ క్రీక్ అను ఏటి ఒడ్డున ఉన్న తమ శిబిరము చేరగా, అచ్చట కాచుకొనియున్నవారు ఆ ఉదయమే వెళ్లిపోయి యుండిరి!

ఆ ఏటి ఒడ్డు నిర్జన ప్రదేశము కాదు. యాండ్రువాంధా అను జనులు తరతరములుగా అచ్చట భార్యాబిడ్డలతో బ్రదుకుచుండిరి. ఈ బాటసారులకు వారు చేపలు ఇచ్చిరి. నార్డూ అను మొక్క గింజలవంటి కాయల పిండితో చేసిన రొట్టె పెట్టిరి. కాని వారు మరీ చనువగుదురేమో అని బర్క్ భయపడెను. ఒకనాడు వారు తెచ్చిన చేపలను త్రోసివేసి, తుపాకి మ్రోతతో వారిని దూరము చేసెను. కొన్ని వారములలో విల్స్, బర్క్ ఇద్దరును కృశించి మరణించిరి. మూడవవాడైన కింగ్ ఆ జనులను వెదకికొని పోయి, వారిలో ఒకడై, వారు పెట్టినది తిని బ్రదికెను. సెప్టెంబరులో వెదకవచ్చినవారు అతనిని వారి మధ్యనే కనుగొనిరి.

ఒకే ఏరు, ఒకే ఆకలి. చేయి చాపినవాడు బ్రదికెను.

లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానము మనకందరకు కంఠస్థమే. అది వినునప్పుడెల్ల మనలను మనము సమరయుని స్థానములో ఉంచుకొందుము. దెబ్బలు తిని దారిప్రక్క పడియున్నవాని స్థానములో ఎన్నడైన ఉంచుకొంటిమా? ఆ పడియున్నవాడు కన్నులు తెరచి, నీవు సమరయుడవు, నన్ను ముట్టవద్దు అనియున్న యెడల ఏమగును? నూనెయు ద్రాక్షారసమును ఉండియు గాయము మానకపోవును. పొరుగువాడెవడు అను ప్రశ్నకు రెండు ముఖములు కలవు: ఎవరికి మేలు చేయుదుము అనునది ఒకటి, ఎవరి చేతి మేలును పుచ్చుకొందుము అనునది రెండవది. రెండవదే కష్టము. ఇచ్చువాడు ఎత్తున నిలుచును, పుచ్చుకొనువాడు వంగవలెను.

ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర జాన్ ఫ్లిన్ అను ప్రెస్బిటేరియన్ బోధకుని సమాధిని దర్శించితిమి. 1912లో ఆ సంఘము స్థాపించిన లోతట్టు మిషనుకు ఆయన నాయకుడు. వైద్యుడు అందక ఎడారిలో చనిపోవువారిని చూచి, వైద్యుని విమానములో పంపవలెనని తలంచి, 1928లో క్లాంకరీ అను ఊరినుండి ఆ సేవను ప్రారంభింపజేసెను. నేటికిని అది ఎన్నో ప్రాణములను కాపాడుచున్నది. అయినను ఆయన తొలి సేవ తెల్లవారినే ముఖ్యముగా తలంచెననియు, ఆదివాసులను అంతగా లెక్కింపలేదనియు విమర్శ కలదు.

1951లో ఆయన మరణించిన పిమ్మట, ఉత్తరమున దాదాపు 400 కిలోమీటర్ల దూరముననున్న కార్లు కార్లు నుండి ఒక పెద్ద గుండురాయి తెచ్చి సమాధిపై నిలిపిరి. అది అచ్చటి ఆదివాసులకు పవిత్రమైన రాయి. వారినెవరును అడుగలేదు. వారు ఏండ్ల తరబడి వేడుకొనగా, 1990ల చివర ఆ రాయి తన చోటికి మరలెను. అప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరెంటె జనులు తమ నేలమీది వేరొక రాయిని ఆ సమాధికొరకు ఇచ్చిరి. నేడు ఫ్లిన్ సమాధిపైనున్నది ఆ రాయియే. మొదటిది తీసికొన్నది, రెండవది పుచ్చుకొన్నది. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరమో, ఆ రాతియొద్ద నిలిచి తలంచుకొంటిమి.

చదువరులారా, మన సంఘములలో ధర్మము చేయు చేతులు అనేకములు. పాకీపని చేయు సహోదరునికి వస్త్రములు ఇత్తుము. అతని యింట మంచినీళ్లు త్రాగుదుమా? పేదరాలికి క్రిస్మసు బియ్యము పంచుదుము. ఆమె వండిన కూర మన గిన్నెలో వేయనిత్తుమా? ప్రభువు సుఖారు బావియొద్ద, తనవారు పాత్ర సాంగత్యము చేయని స్త్రీని నీళ్లడిగెను. ఆమెకు ఇయ్యవలసినది ఆయనయొద్ద ఎంతయో ఉండెను. అయినను ముందుగా అడిగెను.

ఆ పెద్దాయనను మరల చూడబోము. మన వీధిలో మాత్రము, మన కొరకు నీళ్ల చెంబు పట్టుకొని నిలిచియున్నవారు నేడును కలరు.