ఇంజన్ దింపి ఎక్కించిన పడవ

తెరచాప పడవ లోపలి డీజిల్ ఇంజన్‌ను మరమ్మతుకు బయటికి తీసి, అదే ఇంజన్‌ను అదే చోట తిరిగి బిగిస్తే అది మునుపటి పడవేనా? కొత్త వస్తువేదీ చేరలేదు, పాతదేదీ పోలేదు. కొంతకాలం విడిపోవడం ఒక్కటే జరిగింది.

గ్రీకులు ఈ సమస్యను మరోవైపు నుంచి చూశారు. ఏథెన్సు వాళ్లు థీసియస్ ఓడకు పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తూ కాపాడుకున్నారనీ, అది అదే ఓడా కాదా అని తాత్త్వికులు వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పలకలన్నిటినీ ఎవరో దాచి, అదే వరుసలో ఓడ కడితే అసలుది ఏదని 1655లో ఆంగ్ల తాత్త్వికుడు హాబ్స్ మెలిక పెట్టాడు. ఇద్దరి దృష్టీ ప్రధానంగా కొయ్య మీదే. కొయ్యల కూర్పు సంగతి మన దర్శనాల్లో న్యాయ వైశేషికులు మరింత లోతుగా పట్టించుకున్నారు.

వారి మతంలో గుడ్డ దేనిలో పుట్టి నిలుస్తుందో ఆ దారాలు దానికి సమవాయి కారణం, ఆ దారాల కలయిక, అంటే సంయోగం, అసమవాయి కారణం. గుడ్డ దారాల కుప్ప కాదు, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే వేరే ద్రవ్యం, అంటే అవయవి. ద్రవ్యం ఎక్కడ నశించినా అసమవాయి కారణం పోవడమే హేతువని నైయాయికుల్లో నవీనుల మతం. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో దీన్ని ప్రస్తావించాడు. భాగాలు చెక్కుచెదరకున్నా కూర్పు విడితే అవయవి పోయినట్టే. మళ్లీ కూరిస్తే పుట్టేది మరొకటి.

ఇంజన్ పనిలో ఈ మాట బరువు తెలుస్తుంది. విప్పడం ఒక వరుస: నీరు లోపలికి రాకుండా సముద్రపు నీటి వాల్వు మూసి, బ్యాటరీ తీగలు, ఇంధనం గొట్టం, పొగ గొట్టం, గేరు కేబుళ్లు ఊడదీసి, షాఫ్టు కప్లింగ్ బోల్టులు తీసి, చైన్ బ్లాకుతో ఎత్తుతారు. కష్టమంతా తిరిగి కూర్చోబెట్టడంలో ఉంది. కప్లింగ్ రెండు ముఖాలూ సమంగా ఆనాలి. ఫీలర్ గేజ్‌తో చుట్టూ సందు కొలుస్తారు. కప్లింగ్ వ్యాసంలో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు తేడా మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. మించితే షాఫ్టు అదురుతుంది, బేరింగులు అరుగుతాయి. ఒడ్డున దిమ్మల మీద ఉన్న పడవ పొట్ట ఆకారం నీళ్లలో తేలేటప్పుడు కొద్దిగా మారుతుంది. అందుకే చివరి సర్దుబాటు పడవ నీళ్లలోకి దిగాకే. వస్తువులు అవే అయినా పాత సంయోగం తిరిగి రాదు, కొత్తది సాధించాలి.

అంత మాత్రాన పడవే నశించిందనడం తొందరపాటు. ఇంజన్ అసలు పడవకు అవయవమేనా? సమవాయం అయుతసిద్ధాలకే, అంటే రెండింటిలో ఒకటి ఉన్నంతకాలం రెండోదాన్ని ఆశ్రయించే ఉండే జంటకే. ఇంజన్ లేకుండా ఈ పడవ చాప మీద సాగుతుంది. పడవ లేకుండా ఇంజన్ బల్ల మీద తిరుగుతుంది. రెండింటికీ ఉన్నది నేల మీది కుండకు నేలతో ఉన్నటువంటి సంయోగమే. పిస్టన్లు ఊడదీస్తే ఇంజన్ అనే అవయవి సంగతి వేరు. ఇంజన్ కూర్చునే దిమ్మెలను పడవ పొట్ట నుంచి కోసేస్తే పడవ సంగతీ అంతే.

ఈ చర్చే అనవసరమని బౌద్ధులంటారు. చక్రాలు, ఇరుసు, కాడి ఏదీ రథం కాదనీ, వాటిని ఆశ్రయించిన వ్యవహారనామమే రథమనీ మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చూపాడు. అవయవి లేదనే ఇలాంటి వాదానికి న్యాయసూత్రం జవాబు ఇది: ఒక కొస పట్టి లాగితే మొత్తం కదులుతుంది కాబట్టి అవయవి ఉంది. ఇంజన్ తిరిగితే పడవంతా కదలడం కూడా దీనికి ఉదాహరణగా కనిపిస్తుంది. కానీ ఈ హేతువు చాలదని ఆ సూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడే తేల్చాడు: లక్కతో అతికించిన గడ్డి, రాయి, కొయ్య కూడా లాగితే కలిసే వస్తాయి, అక్కడ కొత్త ద్రవ్యమేదీ పుట్టలేదు. కప్లింగ్ బోల్టులు చేసేది ఆ లక్క పనే. అందువల్ల ఇంజన్ దిగినా ఎక్కినా నైయాయికుడి లెక్కలో పడవ అదే. మారింది దానికీ ఇంజన్‌కూ మధ్య సంయోగం.