గోడ కింది బొరియ: మన హక్కు ఎంత? మన హద్దు ఎక్కడ?

ఒక రోజు ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక పెద్దాయన మస్జిదు మెట్ల దగ్గర నాకోసం ఆగి ఉన్నారు. "మౌలానా సాబ్, ఒక మస్అలా అడగాలి" అన్నారు.

"మా పెరట్లో గోడ కింద పందికొక్కు బొరియ చేసింది. రోజూ తట్టెడు మట్టి తోడి పోస్తోంది. గోడ ఒక పక్క బీట కూడా వేసింది. విసిగిపోయి మొన్న సాయంత్రం గిన్నెడు నీళ్ళు మరగకాచి బొరియలో పోశాను. లోపలి నుంచి సన్నగా అరుపులు వినిపించాయి. పిల్లలు పెట్టినట్టుంది. రెండు రాత్రుల నుంచి ఆ అరుపులే చెవుల్లో ఉన్నాయి. నేను చేసింది గునాహ్ అవుతుందా?"

ఆ పూట నేను తొందరలో ఉన్నాను. "చాచా, ఎలుకను చంపడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. మీరు దిగులు పడకండి" అని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చాక నా జవాబు నన్నే కుదురుగా కూర్చోనివ్వలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు, కాని అది సగం జవాబే. ఆయన అడిగింది చంపవచ్చా అని కాదు. తాను చంపిన తీరు గురించి అడిగారు. ఆ మిగిలిన సగం జవాబే ఈ వ్యాసం.

అవి కూడా నివాసాలే

భూమి మీద నడిచే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది (6:38). వాటి ఉపాధి బాధ్యత కూడా అల్లాహ్‌దే (11:6). నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యం వస్తుంటే ఒక చీమ తోటి చీమలను హెచ్చరించి, తమ నివాసాల్లోకి వెళ్ళిపొమ్మని చెబుతుంది (27:18). అక్కడ చీమల పుట్టకు వాడిన పదం 'మసాకిన్'. మనుషులు ఇష్టపడి కట్టుకునే ఇళ్ళకు తౌబా సూరాలో వాడిన పదమూ ఇదే (9:24). మనకు అది వట్టి కన్నం. దాన్ని తవ్వుకున్న ప్రాణికి అది ఇల్లు.

అయితే దీనర్థం మన ఇంటిని వాటికి అప్పగించాలని కాదు. ఎలుక, తేలు, గద్ద, కాకి, కరిచే కుక్క - ఈ అయిదింటిని హరమ్ ప్రాంతంలో సయితం చంపవచ్చని మహాప్రవక్త (స) అనుమతించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). చెట్టు కొమ్మ విరవడం కూడా నిషిద్ధమైన చోట ఈ అనుమతి ఇచ్చారంటే, వాటి వల్ల కలిగే హాని ఎంతటిదో గ్రహించవచ్చు. పందికొక్కు పునాది కింది మట్టిని గుల్ల చేస్తుంది. ధాన్యాన్ని బొరియలో దాచుకుంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం సోకుతుంది, అది ప్రాణం మీదికి కూడా వస్తుంది. కుటుంబాన్ని, ఇంటిని కాపాడుకోవడం ఇంటి యజమాని బాధ్యత. దయ పేరుతో ఆ బాధ్యతను వదిలేయడం దయ కాదు, అలసత్వం.

హక్కు ఉంది. అయితే ఆ హక్కుకు హద్దులు కూడా ఉన్నాయి.

మొదటి హద్దు: లోపల ఉన్నదేమిటో తెలుసుకోవడం

తెలియని విషయం వెంట పడవద్దని, చెవిని, కంటిని, హృదయాన్ని గురించి ప్రశ్నించడం జరుగుతుందని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది (17:36). మనం ఈ ఆయతును చాడీలు, పుకార్ల విషయంలో వినిపిస్తాం. బొరియ విషయంలో కూడా అది వర్తిస్తుంది. కన్నం కనిపించగానే మందు పెట్టేవాడు లోపల ఎవరున్నారో తెలియకుండానే తీర్పు చెప్పేస్తున్నాడు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బొరియ ముందు తాజా మట్టి కుప్పగా ఉంటే అది సాధారణంగా పందికొక్కు పని. వేలు దూరేంత చిన్న కన్నమైతే చిట్టెలుకది కావచ్చు. రాత్రిపూట గోడ వెంట కిచకిచమంటూ తిరిగే, ఘాటైన వాసన వేసే చుంచు (ఉర్దూలో ఛఛూందర్ అంటాం) ఎలుక జాతిది కాదు, అది ఎక్కువగా పురుగులను తిని బతుకుతుంది. పాము తనంత తాను బొరియ తవ్వదు. ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దూరుతుంది. కన్నం దగ్గర కుబుసం కనిపిస్తే అక్కడ చెయ్యి పెట్టకూడదు, పిల్లలను దగ్గరికి పోనివ్వకూడదు. సాయంత్రం బొరియ మూతికి వదులుగా మట్టి కప్పి, చుట్టూ బూడిద చల్లండి. తెల్లవారేసరికి అది తెరుచుకుని ఉంటే లోపల ప్రాణి ఉన్నట్లే. బూడిదలోని అడుగులు అదేమిటో కొంతవరకు చెబుతాయి.

ఇళ్ళలో కనిపించే పాముల విషయంలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రసిద్ధమైనది. ఖందఖ్ యుద్ధ కాలంలో కొత్తగా పెళ్ళయిన ఒక అన్సారీ యువకుడు ఇంటికి వచ్చి, పడక మీద చుట్టుకుని ఉన్న పామును బల్లెంతో పొడిచాడు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరి ప్రాణం ముందు పోయిందో తెలియనంత త్వరగా ఇద్దరూ చనిపోయారు. అప్పుడు మహాప్రవక్త (స) మదీనాలో ఇస్లాం స్వీకరించిన జిన్నులు ఉన్నాయని, ఇళ్ళలో అలాంటివి కనిపిస్తే మూడు రోజులు హెచ్చరించాలని ఆదేశించారు (ముస్లిం). ఈ ఆదేశం మదీనా ఇళ్ళకే పరిమితమా, అన్ని చోట్లా వర్తిస్తుందా అన్న విషయంలో ఉలమాల మధ్య చర్చ ఉంది. అయినా చెయ్యి ఎత్తే ముందు ఆగాలన్న పాఠం మాత్రం అందరిదీ. నేడు మనకు ఆగడానికి మార్గం ఉంది. పిల్లలను దూరంగా ఉంచి, పాములు పట్టేవారికో అటవీ శాఖకో కబురు చేయవచ్చు. నాగుపామును, ముంగిసను చంపడాన్ని 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం నిషేధించిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెండో హద్దు: చంపే తీరు

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లలను పట్టుకోగా తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరిగింది. దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని మహాప్రవక్త (స) ఆజ్ఞాపించారు. అదే ప్రయాణంలో కాల్చివేసిన చీమల పుట్టను చూసి, అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన అల్లాహ్‌కే తగునని తెలిపారు (అబూ దావూద్). కాబట్టి బొరియలో కిరోసిన్ పోసి నిప్పు పెట్టడం తగదు. మరుగు నీళ్ళు నిప్పు కాదు కదా అని ఎవరైనా వాదించవచ్చు. పేరు మారింది, కాలడం మారలేదు.

అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను, అంటే మేలైన తీరును విధించాడని, చంపవలసి వచ్చినా మంచి తీరులో చంపాలని షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బోధిస్తోంది (ముస్లిం). ఈ గీటురాయి మీద మన అలవాట్లను పరీక్షించుకుందాం. బోనులో పడిన ఎలుకను బోనుతో సహా బకెట్లో ముంచి, అది కొట్టుకుంటుంటే పిల్లలకు చూపిస్తాం. జిగురు అట్టకు అతుక్కున్నదాన్ని రోజంతా అలాగే వదిలేస్తాం. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిన సంగతి మనకు తెలుసు (బుఖారీ, ముస్లిం). జిగురు అట్ట మీద ప్రాణిని మాడ్చడం దానికి ఎంత దూరం? తప్పనిసరైతే ఒక్క దెబ్బతో ప్రాణం తీసే బోను మేలు.

మూడో హద్దు: పొరుగువారి హక్కు

ఎవరికీ హాని తలపెట్టకూడదు, హానికి ప్రతిగా కూడా హాని చేయకూడదు అన్నది హదీసు నుంచి వచ్చిన మూల సూత్రం (ఇబ్నె మాజా). ఎలుకల మందు తిన్న ఎలుకను పక్కింటి పిల్లి తింటుంది, గుడ్లగూబ తింటుంది. ఎలుకలను పట్టే ప్రాణులే చచ్చిపోతే ఎలుకలు మళ్ళీ పెరుగుతాయి. మందు కలిపిన పిండి ముద్ద పసిపిల్లల చేతికి అందితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు ఇంటి బొరియల్లో వేస్తున్నారు. తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. బొరియకు మన హద్దు రాళ్ళు తెలియవు. ఆ వాయువు పగుళ్ళ గుండా పక్క గదిలో నిద్రపోతున్న వారి దగ్గరికి చేరవచ్చు. బోనులో పడ్డ ఎలుకను పక్క వీధిలో వదిలి రావడం కూడా మన కష్టాన్ని మరొకరి గుమ్మంలో పడేయడమే.

అన్నింటికన్నా ముందు చేయవలసిన పని

ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇల్లు తగలబెట్టవచ్చని హెచ్చరించిన హదీసులో మహాప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం గమనించండి. పడుకునే ముందు దీపాలు ఆర్పమన్నారు, తలుపులు మూయమన్నారు, పాత్రల మీద మూతలు పెట్టమన్నారు (బుఖారీ). అక్కడ కర్ర తీసుకోమని చెప్పలేదు. ముందు మన ఇంటిని సరిదిద్దుకోమన్నారు.

బియ్యం మూత ఉన్న డబ్బాల్లో ఉంచితే, ఎంగిలి మెతుకులు పెరట్లో పారేయకపోతే, మురుగు కాలువ మూతికి ఇనుప జాలీ బిగిస్తే, గోడ వారగా కట్టెలు, పాత సామాను పేర్చకుండా ఉంటే చాలా బొరియలు పుట్టనే పుట్టవు. ఉన్న బొరియను ఖాళీ అయిందని రూఢి చేసుకున్న తర్వాతే గాజు పెంకులు, కంకర వేసి సిమెంటుతో మూయాలి. లోపల ప్రాణి ఉండగా మూస్తే అది సమాధి కట్టడమే అవుతుంది.

మరుసటి జుమా నాడు ఆ పెద్దాయన దగ్గరికి నేనే వెళ్ళాను. "చాచా, ఆ రోజు నేను సగం జవాబే చెప్పాను. పందికొక్కును తొలగించడం మీ హక్కు. మరుగు నీళ్ళు పోయడం మాత్రం తప్పు. ఇస్తిగ్‌ఫార్ చేయండి. మీకు సరిగా చెప్పనందుకు నేనూ చేస్తున్నాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా మనసుకు ముందే తెలుసు బేటా. ఎవరైనా చెబితే బాగుండునని అడిగాను" అన్నారు.

అనుమతి ఉందన్న మాట విన్నాక కూడా ఒక ప్రాణి అరుపు నిద్ర పట్టనివ్వలేదంటే ఆ హృదయంలో ఈమాన్ సజీవంగా ఉందన్నమాట. అల్లాహ్ మన ఇళ్ళను హాని నుంచి, మన చేతులను జులుమ్ నుంచి కాపాడుగాక! ఆమీన్.