తేనె చుక్కా, కోడిగుడ్డూ

చిక్కిపోయిన పిల్లాడికి రోజూ చెంచాడు తేనె నాకిస్తే ఒళ్లు చేస్తాడని మన పెద్దవాళ్ల నమ్మకం. వంద గ్రాముల తేనెలో 300 కేలరీల దాకా ఉన్న మాట నిజమే. మాంసకృత్తులు మాత్రం అర గ్రాము కూడా ఉండవు. ఇక కండెలా పడుతుంది?

ఏడాది నిండని పసివాళ్లకైతే అసలు ముట్టించకూడదు. తేనెలో ఒక్కోసారి ఉండే బొటులినం బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. పుట్టగానే నాలుకకు రాసే ఆ చుక్క కూడా వద్దు, అమ్మమ్మలు నొచ్చుకున్నా సరే.

పిల్లలకు ఒళ్లు రావాలంటే కావలసింది కడుపు నింపే తిండి. ఆ ఆలోచన బళ్లకూ పాతదే. 1920లో మన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు, తెలుగింటి బిడ్డ పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు టిఫిన్ పెట్టించారు. తలకు రోజుకు అణా మించకూడదని షరతు. చెన్నైలోని టి.నగర్ (త్యాగరాయ నగర్) పేరు ఆయనదే. 1982లో తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. బడి పిల్లల పౌష్టికాహార పథకం వచ్చింది. 1989లో ఆ భోజనంలో పదిహేను రోజులకొక గుడ్డు మొదలైంది. ఆకలితో బడికొచ్చే పిల్లలకు ఆ గుడ్డే పెద్ద వార్త!

ఏడాది దాటిన పిల్లల రాగిజావలో, కావాలంటే రుచికి కాస్త తేనె వేయండి. దాంతోపాటు ఉడికించిన గుడ్డో, మెత్తగా దంచిన వేరుశనగపొడో ఉండాలి. బరువు పెరగకపోతే దగ్గర్లోని అంగన్‌వాడీలో తూకం వేయించండి.