అడ్వాన్స్ నీ పైసలు కాదు, బిడ్డా

ఉద్యోగం మానేసి సొంతంగా కన్‌స్ట్రక్షన్ కంపెనీ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నాతో నాలుగు మాటలు చెప్పించి మాన్పిద్దామని వాడి ఆలోచన. నేను మాన్పించను బిడ్డా. సివిల్ చదివావు, ఎండలో సైట్ల మీద నిలబడ్డావు, మేస్త్రీలతో పని చేయించడం వచ్చు. అందరూ గచ్చిబౌలి, కోకాపేట అంటుంటే నువ్వు నాంపల్లిలో చిన్న గది చూసుకున్నావని విని ఇంకా సంతోషపడ్డాను. ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట నీ బుర్రకెక్కేదాకా చెబుతాను. పెద్దనాన్న చాదస్తం అనుకున్నా సరే, విను.

చేతికొచ్చిన అడ్వాన్స్ నీ సంపాదన కాదు, నీ మీద అప్పు. ఇంటాయన లక్ష రూపాయలు నీ చేతిలో పెట్టాడంటే ఆయనకు నువ్వు లక్ష రూపాయల పని బాకీ పడ్డావు. ఈ లైనులో పనులు దొరక్క చితికిపోయినవాళ్ల కన్నా పనులు ఎక్కువై చితికిపోయినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. మొదటి సైటు అడ్వాన్స్‌తో కారు కొంటారు. రెండో సైటు అడ్వాన్స్‌తో మొదటి సైటుకు స్టీలు తెస్తారు. ఇక మూడోది ఎలాగైనా దొరకాలి గనక రేటు తగ్గించి కొటేషన్ ఇస్తారు. నాలుగోది దొరకని నెలలో మూడు స్లాబులూ ఒకేసారి ఆగుతాయి, ముగ్గురు ఇంటివాళ్లూ ఒకేసారి గుమ్మంలోకొస్తారు.

చట్టం కూడా చివరికి ఈ మాటే చెప్పింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనేవాళ్ల దగ్గర వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే ఖాతాలో ఉంచాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు కలిసి పని ఎంతవరకు అయిందో ధ్రువీకరించాకే, అయిన మేరకు తీసుకోవాలి. రెరా రిజిస్ట్రేషన్ 500 చదరపు మీటర్ల స్థలమో ఎనిమిది ఫ్లాట్లో దాటిన ప్రాజెక్టులకు గనక నీకు ఇప్పుడే అక్కర్లేదు. అయినా ఆ పద్ధతి నువ్వే పెట్టుకో. ప్రతి సైటుకూ వేరే ఖాతా తెరువు. నీకు నెలకింత జీతమని రాసుకో, అంతకు మించి రూపాయి ముట్టకు.

పెద్ద కంపెనీలను చూసి తొందరపడకు. ఎ.వి.ఎస్. రాజు గారు 1978లో భాగస్వామ్య సంస్థగా మొదలుపెట్టిన నాగార్జున కన్‌స్ట్రక్షన్ 1990లో గానీ లిమిటెడ్ కంపెనీ కాలేదు. 1989లో మొదలైన మేఘా తొలినాళ్లలో మున్సిపాలిటీలకు చిన్న పైపులు చేసిపెట్టింది. 1987లో మన ఊళ్లోనే పుట్టి దేశమంతా ప్రాజెక్టులు పట్టిన ఐవీఆర్‌సీఎల్ మాత్రం అప్పులు మోయలేక 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. చేతిలో ఎన్ని పనులున్నాయని కాదు, వాటికి ఎవరి పైసలు తిరుగుతున్నాయని లెక్క చూసుకోవాలి.

అందుకని మొదటి రెండేళ్లు కొత్త బిల్డింగుల జోలికి పోకు. రిపేర్లు చెయ్. నాంపల్లిలో కూర్చున్నందుకు నీకు కలిసొచ్చేది ఇదే. గన్‌ఫౌండ్రీ నుంచి రెడ్‌హిల్స్ దాకా పాత ఇళ్లు, లాడ్జీలు, పైకప్పు కారే ఆఫీసులు ఎన్ని లేవు! అవన్నీ వారాల్లో ముగిసే పనులు. పైసలూ వెంటనే వస్తాయి. లెక్క తప్పినా తట్టుకోగలిగినంతే పోతుంది. అయితే పాత గోడ దేనితో కట్టిందో ముందు చూడు. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక పెచ్చులూడుతుంది, ఇంటాయన నిన్నే తిడతాడు. 1935లో గ్రానైటుతో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను 2020లో బాగుచేసి తెరిచారు కదా, ఒకపూట వెళ్లి ఆ రాళ్ల అతుకులు దగ్గరగా చూసిరా. సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒకరిని ఇప్పుడే పట్టుకో, వాళ్లు తగ్గిపోతున్నారు.

తక్కువ రేటుకు ఒప్పుకున్న రోజే అడ్వాన్స్ తినడం మొదలవుతుంది. అందుకని ఇప్పటి రిపేరైనా, రేపటి కొత్త బిల్డింగైనా, ఎస్టిమేట్‌లో ఏదీ వదలకు. మన ఊరి కింద గ్రానైటుంది. పునాదికి నాలుగడుగులు తవ్వేసరికి రాయి తగలొచ్చు. ఆబిడ్స్ సందుల్లో బ్లాస్టింగ్ కుదరదు, గంటల లెక్కన బ్రేకర్ పెట్టాలి. “రాయి పడితే కొలత ప్రకారం వేరే రేటు” అని రాయని అగ్రిమెంటు మీద సంతకం చేయకు. పగలు పెద్ద లారీలను లోపలికి రానివ్వరు కాబట్టి ఇసుక రాత్రి దించుకోవాలి, ఆ కూలి వేరు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ రోజులు. సాయంత్రమైతే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చుట్టూ ఆటో కదలదు, నీ కాంక్రీటు బండి ఎక్కడ కదులుతుంది? పగలగొట్టిన మల్బా నాలాలో పోయించకు, జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లకు పంపే ఖర్చూ ముందే రాసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎస్టిమేట్ షీటు కాపీ కొట్టకు.

సామాన్ల సంగతి. ట్రూప్ బజార్‌లో టైల్సు, శానిటరీ, కరెంటు సామాను అంతా దొరుకుతుంది. రెండు బిల్లులు టైముకు కట్టావంటే మూడోసారి సేటే పిలిచి ఉద్దెర ఇస్తానంటాడు. ఉద్దెర కూడా అప్పే. ఏ సైటు పేరు మీద తెచ్చావో ఆ సైటు ఖాతాలోంచే తీర్చు. స్టీలు లారీ వస్తే చువ్వను తూకం వెయ్యి. 12 ఎంఎం చువ్వ, 12 మీటర్ల పొడవుది, సుమారు 10.7 కిలోలుండాలి. అలాగే ఎం20 నామినల్ మిక్స్ కలిపేటప్పుడు 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీళ్లు దాటనివ్వకు. మాల్ సులువుగా పారాలని మేస్త్రీ ఇంకో బక్కెట్ పోస్తానంటాడు, ఒప్పుకోకు. క్యూరింగ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి 10 రోజులు. ఇవి నీకు తెలియవని కాదు. పైసలకు కటకటలాడే సైటులో ముందు కోతపడేవి ఇవే, అందుకని గుర్తుచేస్తున్నాను.

ఆడపిల్ల మాట సైటు మీద చెల్లుతుందా అన్నది మీ నాన్న దిగులు. శనివారం కూలి చెల్లిస్తే సోమవారం నీ మాట చెల్లుతుంది. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, అడ్డా మీద నుంచి తెచ్చుకున్న రోజు కూలీలు, అందరూ ఆ కూలి మీదే బతుకుతున్నారు. ఇంటాయన బిల్లు ఇవ్వలేదన్న సాకు వాళ్లకు చెప్పకు. రెండు వారాల కూలికి సరిపడా పైసలు ఎప్పుడూ పక్కన ఉంచు. హెల్మెట్లు, బెల్టులు, ఇన్సూరెన్స్ ఎస్టిమేట్‌లోనే ఉండాలి. కడుతున్న భవనంలో ఎవరినీ పడుకోనివ్వకు. 2016 డిసెంబర్‌లో నానక్‌రామ్‌గూడలో కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం కూలి పదిమందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది పొట్టకూటికి వచ్చిన కూలీల కుటుంబాలవాళ్లే.

కొన్ని పనులు ఎంత అడ్వాన్స్ ఇస్తామన్నా వద్దనాలి. ప్లానులో లేని అంతస్తు వేయమంటారు, పార్కింగ్‌ను గోడౌన్‌గా మార్చమంటారు. 2023 నవంబర్‌లో నీ ఆఫీసుకు దగ్గర్లోనే, బజార్‌ఘాట్‌లో, అపార్ట్‌మెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిదిమంది పోయారు. అలాంటి మార్పుకు నీ చేయి పడకూడదు. అడ్వాన్స్ అప్పటికే ఖర్చుపెట్టేసుకున్నవాళ్లకు వద్దనే ధైర్యం ఉండదు. డ్రా చేయని పైసలు బ్యాంకులో ఉంటే తిరిగి ఇచ్చేసి దండం పెట్టి బయటికి రావచ్చు. నేను ఇంతసేపూ ఆ ఒక్క మాట పట్టుకుని ఊదరగొట్టింది ఇందుకే.

ఇక చిన్న సంస్థలకుండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నువ్వే ఆన్‌లైన్‌లో చేసుకో, అది ఉచితం, ఎవరికీ కమీషన్ ఇవ్వకు. మొదటి పని ఖాయం కాకముందే ఎస్టిమేట్ పట్టుకుని నా దగ్గరికి రా. అందులో నీ లాభం ఎంత రాసుకున్నావో ముందు చూస్తాను. మరీ ఎక్కువ రాస్తే నవ్వి ఊరుకుంటాను కానీ, పని పోతుందేమోనన్న భయంతో తక్కువ రాశావో, మీ నాన్న ముందే తిడతాను.